రెండు శాఖల విలీనం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డులో, ఏ ఊరికీ చెందని ఒక మలుపు దగ్గర సారమ్మ టీ కొట్టు. జనవరి, బుధవారం పొద్దున పది గంటలు. స్పెయిన్ దేశపు ఫుట్‌బాల్ ఫార్వర్డ్ కిరోగా అభిమాన సంఘం ఆదోని శాఖ అధ్యక్షుడు తిమ్మప్ప ఒక బెంచీ మీద, ఎమ్మిగనూరు శాఖ అధ్యక్షుడు పెద్దయ్య ఎదురు బెంచీ మీద. శాఖలు విడిపోయిన ఏడేళ్లకు ఇదే మొదటి భేటీ. తిమ్మప్ప గంట ముందే వచ్చి, ఇప్పుడే వచ్చినట్టు కూర్చున్నాడు. పెద్దయ్య చంకలో ఒక గుడ్డ సంచి.

"నాకు పద్నాలుగు కిలోమీటర్లు పడింది. మీకు పదమూడే."

"పదమూడున్నర, పెద్దయ్యా. రాయి చూసుకోనే వచ్చినా."

"ఫోన్లో సరిగ్గా సగం దూరం అంటిరి."

"సరిగ్గా సగం దూరంలో టీ కొట్టు లేదప్పా. కోసిన కందిచేను ఉండాది. మోళ్ళ మీద కూర్చోని విలీనం మాట్లాడుకుందామా?"

"ముందే సెప్పింటే మా పిల్లోళ్ళను అడిగి వద్దును. ఎమ్మిగనూరు శాఖ అర కిలోమీటరు ఎక్కువ నడిసిందంటే రేపు మొగం ఎట్ల సూపించల్ల?"

"నడిచినావా? బస్సులో గదా వచ్చినావు."

"బస్సయినా కిలోమీటరు కిలోమీటరే గదా."

"సరే, బుక్కులో రాస్తా. 'ఎమ్మిగనూరు శాఖ అర కిలోమీటరు త్యాగం చేసినాది.' చాలునా?"

"బుక్కు తెచ్చినారా?"

"తేకుండా ఎట్ల? పద్నాలుగేండ్ల తీర్మానాల బుక్కు. మొదటి ఏడేండ్లవి నీ సంతకాలు కూడా ఉండాయి దీంట్లో. ఆ సంచిలో ఏముంది?"

"ఏం లేదు."

"ఏం లేకుండా సంచి ఎవరు మోస్తారు?"

"అలవాటు."

"సభ్యుల జాబితానా?"

"ఏం లేదంటి గదా, తిమ్మప్పగారూ."

"గారా?"

"ఆ."

"ఏడేండ్ల కిందట అన్నా అంటాంటివి."

"అప్పుడు మీ శాఖలో ఉంటి."

"టీలు ఎన్ని పెట్టల్ల?"

"రెండు పెట్టు, సారమ్మా."

"రెండేనా? కిరోగా సంఘం మీటింగు అని నిన్న ఫోన్ సేస్తిరి. రెండొందలమంది వస్తారని ఉగ్గానికి మూట బొరుగులు తెప్పించుకుంటి."

"ఇది నాయకుల స్థాయి భేటీ, సారమ్మా."

"నాయకులు ఉగ్గాని తినరా?"

"తింటాము. ఒక ప్లేటు పెట్టు. రెండు బజ్జీలు."

"ఇద్దరికీ కలిపి ఒక ప్లేటా?"

"విలీనం అయినంక రెండో ప్లేటు."

"అది ఎప్పుడు అయితాదో సెప్పండి. నూనె కాగుతాంది."

"పెద్దయ్యా, విషయానికి వస్తా. ఫోన్లోనే చెప్పినా గదా. కిరోగా రిటైర్ అయితాండాడు. ఆదివారం ఆఖరి ఆట. ఆ పొద్దు రెండు శాఖలూ కలిసి ఒక వీడ్కోలు సభ పెట్టాల. నువ్వు ఒప్పుకోవాల. అంతే విషయం."

"ఆఖరి ఆట ఎవరితో?"

"ఎవరితోనో. తెల్ల చొక్కాలోళ్ళు."

"యాడ?"

"స్పెయిన్లోనే యాడనో. ఊరు చెప్తే బస్సెక్కి పోతావా ఏమి?"

"యా చానల్లో వస్తాది?"

"చానల్ సంగతి ఇప్పుడెందుకు? పద్నాలుగేండ్లలో మనం చూసింది నాలుగు మ్యాచులు. దాంట్లో రెండిటికి కరెంటు పోయింది."

"అదీ నిజమే."

"నిజం గదా. మనకు ఆట కాదు ముఖ్యం, సభ ముఖ్యం. ముప్పై నాలుగేండ్లు చేసినోనికి ఆఖర్న ఒక దండ ఎయ్యకపోతే, ఒక శాలువా కప్పకపోతే ఎట్లప్పా? రేప్పొద్దున్నుంచి రావద్దులే అంటే సరిపోయిందా?"

"ముప్పై నాలుగేండ్లా?"

"ఆ."

"ఆయప్ప వయసెంత?"

"చిన్నప్పట్నుంచీ ఆడినాడు గదా."

"ఊ."

"ఊ అంటే ఏంది?"

"ఊ అంటే ఊ. సెప్పండి. ఈ పొద్దు బుధవారం గదా, మిల్లుకు పోలేదా?"

"లీవు పెట్టినా."

"పత్తి దండిగా దిగే టైములో కాటా గుమస్తాకు లీవిచ్చినాడా మీ సేటు? తూకం ఎవరు రాసుకుంటారు?"

"ఎవరో ఒకరు రాసుకుంటారు. నా సంగతి ఎందుకిప్పుడు? కిరోగా సంగతి మాట్లాడుకుందాం."

"సరే. ఆయప్ప సంగతే మాట్లాడుకుందాం."

"ఒక్క సభ, పెద్దయ్యా. ఎంత చిన్నదయినా సరే."

"సూద్దాం. మా పిల్లోళ్ళను అడగల్ల."

"ఏం మనిషివప్పా. ఇదంతా నీ చొక్కాలతోనే గదా మొదలైంది."

"నేను వ్యాపారానికి తెచ్చుకుంటి. తిరుప్పూరు నుంచి ఒక బేలు. ఎగుమతికి పనికిరావని తీసేసిన సరుకు. ముందర తొమ్మిది నెంబరు, వీపు మీద కిరోగా. ఎడమ చెయ్యి కంటే కుడి చెయ్యి జానెడు పొడుగు."

"ఎమ్మిగనూరు సంతలో ఎవరి వీపు చూసినా కిరోగానే. హమాలీలు, పాలు పోసేటోళ్ళు, ఎద్దుల బేరగాళ్ళు..."

"అప్పుడు గదా మీరు నా కొట్టు కాడికొచ్చి అడిగితిరి, ఈ కిరోగా ఎవరప్పా, యా పార్టీ అని."

"ఊరంతా వేసుకున్నంక తెలుసుకోకుంటే మర్యాద కాదు గదా."

"ముందు సొక్కా వచ్చె, ఎనక అభిమానం వచ్చె."

"అయినా మంచోడే పడినాడు మనకు. ఫైనల్లో మూడు గోల్లు కొట్టినప్పుడు గుర్తుందా? ఫ్లెక్సీకి ఇరవై లీటర్ల పాలు పోస్తిమి."

"పన్నెండు. మిగతా ఎనిమిదీ మజ్జిగ."

"పేపర్లో ఇరవై అని వచ్చింది."

"పేపరోనికి రాసిచ్చింది మీరే గదా."

"ఆయప్పను పెద్ద క్లబ్బోళ్ళు తీసుకున్నప్పుడు ఆదోనిలో ట్రాక్టరు ఊరేగింపు. డ్రమ్సు, టపాకాయలు. నేను ఇంజను మీద కూర్చోనుంటి."

"నేను ట్రాలీలో నిలబడుకోనుంటి."

"జనం అంతా బయటికొచ్చి చూసిరి."

"పెండ్లికొడుకు ఎవరని అడిగిరి."

"మల్ల ఆ పెనాల్టీ తప్పిపాయె. మూడు రోజులు అన్నం ముట్టలేదు నేను."

"సపాతీలు తిన్నారని మీ ఇంట్లో ఉమాదేవి వదిన సెప్పింది."

"చపాతీ అన్నం కాదు గదా. ఆయప్ప మోకాలు ఆపరేషనప్పుడో? రణమండల కొండెక్కి నూటొక్క టెంకాయ కొడితిమి."

"నేనూ మా సర్చిలో ఆయప్ప మోకాలికి ప్రార్థన పెట్టిస్తి. మీ సుట్టమా అని పాస్టరు అడిగె. అవునంటి. మోకాలు బాగయిందా, తిమ్మప్పా?"

"ఆయప్పది బాగయింది, సారమ్మా. టెంకాయల మూట మోసుకోని కొండెక్కినంక నాది పోయింది."

"బాగయిందని ఏం లాభం? ఎనక బెంచీ మీద కూర్చోబెట్టిరి."

"ఆ మాట అనొద్దు, పెద్దయ్యా. బెంచీ మీద కూర్చోబెట్టినోన్ని ఎవరు తలుస్తారు? పక్కన కొత్తోన్ని తెచ్చి కూర్చోబెడతారు. వీనికి పని నేర్పియ్యి అంటారు. కంప్యూటరు వానికి వస్తాది, లారీ చూస్తూనే తడి పత్తి యాదో చెప్పేది నీకు వస్తాది, అది నేర్పియ్యి అంటారు. నేర్పిస్తావు. నేర్పించినంక, నువ్వు ఇంకా ఉండావా అన్నట్టు చూస్తారు."

"కిరోగాను అట్ల సూసిరా?"

"చూసిరి."

"తడి పత్తి సంగతి నేర్పించినాడా?"

"గోలు కొట్టేది నేర్పించినాడు. మాటవరసకు పత్తి అంటి."

"ఊ."

"మల్ల ఊ అంటాండావు."

"టీ సల్లారిపోతాంది, తాగండి. సభ పెడితిమి అనుకుందాం. ఆ ఎనక సంఘం ఏం సేస్తాది? ఆడేటోడే లేకపాయె."

"వారసున్ని మోస్తాం. యా సంఘమైనా అంతే గదా. హీరో ముసలోడయితే కొడుకు వస్తాడు, ఫ్లెక్సీలో మొగం మారుస్తాం, జెండా అదే."

"కిరోగాకు కొడుకు లేడు. ఇద్దరూ ఆడబిడ్డలే."

"పెద్దదానికి ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

"అల్లుడు వచ్చేదానికి ఇంకా పదైదేండ్లు. అప్పటికి నాకు డెబ్బై అయిదు."

"మీకు ఇప్పుడు అరవై అన్నట్టు."

"దగ్గర దగ్గర. తమ్ముడు లేడా ఆయప్పకు?"

"ఉండాడు. పండ్ల డాక్టరు."

"ఫోటో చూసినా. నవ్వు అచ్చం అన్న మాదిరే."

"పండ్ల డాక్టరు గదా. నవ్వు బాగానే ఉంటాది."

"పండ్ల డాక్టరుకు అభిమాన సంఘం పెడితే బాగుండదేమో."

"పంటి నొప్పి వచ్చినోళ్ళన్నా సేరతారు."

"ఎగతాళి వద్దు. వారసుని సంగతి వాయిదా. ఇంక పదవులు. మీ శాఖలో ఎంతమంది?"

"మూడు నూర్లు. మీ శాఖలో?"

"మూడు నూర్ల ఇరవై."

"ఫోన్లో రెండొందల ఎనభై అంటిరి."

"పోయిన వారం నలభైమంది చేరినారు. నువ్వు కూడా ఫోన్లో రెండొందల అరవై అంటివి."

"మాకూ పోయిన వారమే సేరినారు."

"మంచి వారం. మీ తరఫున ప్రధాన కార్యదర్శి ఎవరు?"

"నందవరం సాయి."

"సాయి బెంగళూరుకు సెంట్రింగు పనికి పోయినాడని విన్నానే."

"పోయినాడు. ఆడ్నుంచే సేస్తాడు."

"సెంట్రింగా?"

"కార్యదర్శి పని. మీ తరఫున ఉపాధ్యక్షుడు?"

"మారుతి."

"మారుతి క్రికెట్టు పక్క పోయినాడు గదా. దినామూ స్టేటస్సులో అదే పెడతాంటాడు."

"ఫుట్‌బాల్ లేనప్పుడు చూస్తాడు. అభిమానం అట్లే ఉండాది. మీ ప్రచార కార్యదర్శి?"

"సి.బెళగల్ కళ్యాణ్."

"వాడు సినిమా హీరో సంఘంలో లేడా?"

"రెండిట్లో ఉండాడు. పొద్దున ఇది, సాయంత్రం అది. మీ కోశాధికారి ఎవరు?"

"గోవిందన్న."

"గోవిందన్న సచ్చిపోయి మూడేండ్లాయె గదా!"

"తెలుసు. సంతాప తీర్మానం నేనే రాస్తి. అయినా పదవి తీసెయ్యలేదు. గౌరవంగా అట్లే పెట్టినాము."

"కోశాధికారిగా?"

"ఆయప్ప ఉన్నప్పుడూ కోశంలో ఏమీ లేకుండె. తేడా ఏం రాలేదు. మీ మూడు నూర్లమంది ఎప్పుడు కలుస్తారు? ఆదివారం అందరినీ పిలుచుకోని రా."

"ఆదివారం అంటే కష్టం. మిరపకాయల కోతకు గుంటూరు పక్క పోయినారు. సగం శాఖ ఆడే ఉండాది."

"అయితే గుంటూరు శాఖ అనాల."

"మీ మూడు నూర్ల ఇరవైమందీ వస్తారా ఆదివారం?"

"వాళ్ళు... పత్తి సీజను గదా."

"పత్తి సీజనయితే మీరెట్ల వచ్చినారు?"

"లీవంటి గదా!"

"అరవద్దండి. సారమ్మ సూస్తాంది."

"నేను సూడ్లేదు. బజ్జీలు సూసుకుంటాండా. మీరు కానియ్యండి."

"పెద్దయ్యా, ఇంతమంది పేర్లు ఎందుకు? నువ్వు సరే అను. సభ జరుగుతాది."

"అనేవాన్నే. ఫ్లెక్సీ సంగతి మా పిల్లోళ్ళు మర్సిపోలేదు."

"ఏడేండ్లయింది."

"కిరోగా పుట్టినరోజు ఫ్లెక్సీ. ఆదోని బస్టాండు ముందర. కిరోగా మొగం రెండడుగులు, మీ మొగం మూడడుగులు."

"అది నమస్కారం పెట్టిన ఫోటో. చేతులతో కలిపి మూడడుగులు."

"నా ఫోటో యాడుండె?"

"కింద."

"కింద యాడ?"

"మూల."

"ఫ్లెక్సీ అచ్చేసినోని ఫోన్ నెంబరు పక్కన. రూపాయి బిళ్ళంత. మా ఇంటామె సంతోషమ్మను పిలుసుకోని పోయింటి సూపిద్దామని. ఈ మచ్చ ఏందని గోరుతో గీకింది."

"సంతోషమ్మకు చూపు తక్కువ."

"సూపు తక్కువైతే మీ మొగం ఎట్ల కనపడె? ఆడ నిలబడుకున్నోళ్ళు నన్నే ఫ్లెక్సీలు అచ్చేసేటోడు అనుకోని, అడుగు ఎంత అని రేటు అడిగిరి. ఆ పొద్దు పోతి నేను. మల్ల మీ ఊరు తొక్కలేదు."

"అది ఫ్లెక్సీ వాని తప్పని అప్పుడే చెప్పినా."

"ఏడేండ్లుగా అదే సెప్తాండారు. సరే, నేను లేస్తా. పదకొండు గంటల బస్సుకు పోతే కొట్టు తెరుసుకోవచ్చు."

"కూర్చో పెద్దయ్యా."

"కూర్చోని ఏం సేద్దును?"

"ఫ్లెక్సీ వాని తప్పు లేదు."

"ఏంది?"

"వాడు పెద్దగానే పెట్టినాడు నీది. నా పక్కనే, నా అంతే. నేనే వాని కంప్యూటరు కాడ కూర్చోని, తగ్గియ్, ఇంకా తగ్గియ్ అంటి. మూలకు జరుపంటి. ఇంకా తగ్గిస్తే మనిషి అని తెలీదన్నా అని వాడే నిలిపె."

"యాల?"

"చొక్కాలు తెచ్చినోడు నువ్వు. జనం కూడా నీ కాడికే వస్తాండ్రి. మిల్లులో నేను కాటా గుమస్తాను. ఇంట్లో పాల ప్యాకెట్లు తెచ్చేటోన్ని. ఒక్క ఫ్లెక్సీల్లోనే నేను అధ్యక్షున్ని. వాటిల్లో కూడా నువ్వు నా పక్కన నా అంతే ఉంటే..."

"ఉంటే?"

"ఉంటే బాగుండు. ఇప్పుడు తెలుస్తాంది. అప్పుడు తెలీలే."

"బజ్జీలు దించినా. ఈడ పెట్టల్లనా, ఇంకా కొట్లాడతారా?"

"పెట్టు, సారమ్మా. నేను పోవడంల్యా."

"మీ పిల్లోళ్ళకు చెప్పు పెద్దయ్యా. తిమ్మప్ప తప్పు ఒప్పుకున్నాడని చెప్పు. కావాలంటే బుక్కులో రాసిస్తా."

"పిల్లోళ్ళు లేరు."

"గుంటూరులో ఉన్నోళ్ళకు ఫోన్లో చెప్పు."

"గుంటూరులో లేరు. యాడా లేరు. మా శాఖలో నేనొక్కన్నే."

"మూడు నూర్లు అంటివి గదా?"

"వాట్సాప్ గ్రూపులో ఉండ్రి. నాలుగేండ్ల కిందట ఎవరో గ్రూపు పేరు మార్సిరి. ఇప్పుడు నాటుకోళ్ళ అమ్మకం గ్రూపు. నేను మాత్రం బయటికి రాలేదు. మీ మూడు నూర్ల ఇరవై?"

"నేనూ, గోవిందన్న."

"గోవిందన్న పాయె గదా."

"అదే చెప్తాండా. నేనొక్కన్నే."

"మరి పోయిన వారం సేరిన నలభైమంది?"

"నువ్వు మూడు నూర్లు అంటే నేను ఏం చేద్దును?"

"అయ్యో దేవుడా. అయితే రెండు శాఖలు కలిపితే మీరిద్దరేనా?"

"అంతే, సారమ్మా."

"నా మూట బొరుగులు ఏం సేసుకోవల్ల? ఇంక విలీనం అయినట్టే గదా, రెండో ప్లేటు పెడతాండా."

"పెట్టు. పెద్దయ్యా, ఇద్దరే అయినంక కొట్లాట ఏముంది? అధ్యక్షుడుగా నువ్వే ఉండు."

"మీరే ఉండండి. బుక్కు మీ కాడుంది."

"బుక్కు నీకే ఇస్తా, తీసుకో. నాకేం వద్దు. ఆదివారం సభ ఒకటి జరిగితే చాలు. నలుగురు లేకున్నా ఇద్దరం. ఒక దండ, ఒక శాలువా. నేనే తెస్తా."

"ఆదివారం వద్దు."

"మల్ల ఏమొచ్చె?"

"ఆదివారం ఆట లేదు. కిరోగా రిటైరై రెండేండ్లయిందన్నా."

"ఏమంటివి?"

"రెండేండ్లయింది అంటి."

"అది గాదు. ఆఖర్న ఏమో అంటివి."

"అన్నా అంటి."

"ఆ."

"ఆ పొద్దు కొట్లో ఒక్కన్నే కూర్చోని ఫోన్లో సూస్తి. ఆయప్పను మైదానం సుట్టూ తిప్పిరి. ఎనభై వేలమంది లేసి నిలబడి సప్పట్లు కొట్టిరి. నీకు ఫోన్ సేద్దామని నెంబరు తీసి, మల్ల పెట్టేస్తి."

"నేనూ చూస్తి. నేనూ నెంబరు తీస్తి."

"పెట్టేస్తివి."

"పెట్టేస్తి. ఆదివారం ఆఖరి ఆట అంటే నమ్మినావు అనుకుంటి."

"ఎట్ల నమ్ముదును? రెండేండ్ల కిందట రిటైరైనోడు మల్ల ఎట్ల రిటైరవుతాడు?"

"తెలిసీ యాల వచ్చినావు?"

"ఒకటో తేదీ ఫోన్ సేస్తివి. ఏడేండ్ల ఎనక సేసినోనివి, న్యూ ఇయర్ శుభాకాంక్షలు కూడా సెప్పకపోతివి. ఏమంటివి? 'ముప్పై నాలుగేండ్లు చేసినోడు పెద్దయ్యా, ఆఖరి రోజు ఒక్కరు కూడా కుర్చీలోంచి లేవలేదు' అంటివి. కిరోగాకు ఎనభై వేలమంది లేసిరి. ఎవరికి లేవలేదన్నా? ముప్పై నాలుగేండ్లు బంతి తన్నేటోడు యాడా ఉండడు. కాటా కాడ కూర్చునేటోడు ఉంటాడు."

"ముప్పై ఒకటో తేదీ గదప్పా. సంవత్సరం ఆఖరి రోజు. అందరికీ కేకు కాడికి పోయే తొందర. సేటు హుబ్బళ్ళిలో పెండ్లికి పోయినాడు. మేనేజరు తాళాలు తీసుకోని, రేప్పొద్దున్నుంచి రావద్దులే అనె. మంచోడే. కేకు ముక్క తినిపో అనె."

"తింటివా?"

"షుగరు గదా. పొద్దున కొత్త చొక్కా వేసుకోని పోయింటి. దండ ఏస్తే ఫోటోలో బాగుండాలని. ఆ ఫోటో తగిలించేదానికి ఉమాదేవి హాల్లో మేకు కూడా కొట్టి పెట్టింది."

"మేకు అట్లే ఉందా?"

"అట్లే ఉండాది. దినామూ దాన్నే చూస్తా కూర్చోవాల. మొన్న దానికి కూరగాయల సంచి తగిలించినా."

"ఆ పొద్దు నేను మీ మిల్లు గేటు కాడికి వచ్చినా."

"నువ్వా? ముప్పై ఒకటో తేదీనా?"

"నీకు అరవై నిండేది ఎప్పుడో నాకు తెలీదా? నీ ఏడు పుట్టినరోజుల ఫ్లెక్సీలకు తేదీ రాసిచ్చింది నేనే గదా. ఏడేండ్ల ఎనక మీ ఊరు తొక్కింది ఆ పొద్దే. ఆరు గంటల దాకా గేటు కాడ నిలబడుకుంటి. వస్తావు, వస్తావు అని సూస్తి. రాకపోతివి."

"వెనక గేటు నుంచి పోతి. ముందర హమాలీలు ఉంటారు గదా. ఏమన్నా, ఎన్ని దండలు పడె అని అడుగుతారని."

"పూల దండయితే ఈపాటికి వాడిపోయిండు."

"ఏంది?"

"సంచిలో ఏముందని అడిగితివి గదా. నూలు దండ. మా నాయన మగ్గం మీది నూలే. ఆ పొద్దుట్నుంచీ సంచిలోనే ఉండాది. వంగు అన్నా."

"ఈడనా? టీ కొట్లోనా?"

"ఈడయితే ఏమి? సగం దూరం గదా. సారమ్మా, పొయ్యి తగ్గించి ఇట్ల రా. సభ మొదలైంది. లేసి నిలబడాల."

"నేను పొద్దుట్నుంచీ నిలబడుకునే ఉండా గదప్పా."

"అయితే ఈ ఫోను పట్టుకో. ఒక ఫోటో తియ్యల్ల. వదిన ఆడ మేకు కొట్టి పెట్టింది."

"పట్టుకున్యా. ఇద్దరూ దగ్గరికి జరగండి. ఇంకా దగ్గరికి. ఎవరి మొగం పెద్దగా రావల్ల?"

"పెద్దయ్యది, సారమ్మా. ఆయప్పది పెద్దగా తియ్. నాది ఆ మూలన, రూపాయి బిళ్ళంత వచ్చినా చాలు."